బండీ–బాటా: చలికాలానికి యూట్ – కంపెనీ కట్టిందా, మనం కట్టించిందా?



ఈ నెల శీర్షికకు కారణం ఒక ఉత్తరం. న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగాన న్యూ ఇంగ్లండ్ పీఠభూమి మీద ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో చేరబోతున్న డాక్టరమ్మగారు రాశారు. సారాంశం ఇది: "ఇల్లు ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో దొరికింది. వారానికి రెండు రాత్రులు ఆన్‌కాల్. ఇద్దరు చిన్న పిల్లలు. యూట్ కొనాలన్నంతవరకు ఇద్దరం ఒప్పుకున్నాం. మావారు ఒక వాడిన బండిని చూసి మనసు పారేసుకున్నారు. ఎత్తు పెంచి, లావు టైర్లు వేసి, ముందు ఇనుప బుల్‌బార్, అందులో వించ్, నెత్తిన దీపాల వరుస, వెనక పెట్టెలాంటి కానపీ. చూస్తే యుద్ధానికి పోయే రథంలా ఉంది. కంపెనీవారి కొత్త బండి ధరకే ఇవన్నీ కలిసి వస్తున్నాయని ఆయన వాదన. నాకేమో కంపెనీ నుంచి వచ్చిన మామూలు బండే చాలుననిపిస్తోంది. తీర్పు మీకే వదిలాం."

ఆలుమగల మధ్య తీర్పు చెప్పడానికి పెద్దమనుషులు కూడా జంకుతారు. అందుచేత నేను బండి మీద మాత్రమే తీర్పు చెబుతాను. ఇది ఒక్క ఇంటి సమస్య కూడా కాదు. విదేశాల్లో చదివి వచ్చిన డాక్టర్లు మెడికేర్ కింద ప్రాక్టీసు చేయాలంటే సాధారణంగా పదేళ్ళ పాటు డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేయాలన్న నిబంధన 1990ల చివరి నుంచి అమల్లో ఉంది. దాని పుణ్యమా అని మనవాళ్ళు సిడ్నీ, మెల్బోర్న్ దాటి ఆర్మిడేల్, ఆరెంజ్, కూమా వంటి ఊళ్ళలో కాపురాలు పెడుతున్నారు. గోదావరి గట్టునో, కృష్ణ ఒడ్డునో పుట్టి, ఎండతో తప్ప చలితో పరిచయం లేకుండా పెరిగినవాళ్ళకు మొదటి జూన్ నెల పరీక్షగానే ఉంటుంది.

కొత్తగా వచ్చినవారికి ఒక మాట. ఇక్కడివాళ్ళు యూట్ అనేది ముందు కారు, వెనక ట్రక్కు అయిన బండిని. 1930ల ఆరంభంలో విక్టోరియాలోని గిప్స్‌లాండ్ నుంచి ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందట: ఆదివారం మేము చర్చికి వెళ్ళడానికీ, సోమవారం పందులను సంతకు తోలడానికీ ఒకే బండి ఉంటే బాగుండునని. జీలాంగ్‌లోని ఫోర్డ్ డిజైనరు లూ బాండ్ట్ ఆ ఆలోచనకు రూపం ఇచ్చాడు. బండి 1934లో బజారులోకి వచ్చింది. అంటే ఈ బండి పుట్టుకలోనే ఇంటావిడ మాట ఉందన్నమాట! ఆ తర్వాత 1951లో హోల్డెన్ వారు తమ యూట్ తెచ్చారు. ఫోర్డ్ ఇక్కడి ఫ్యాక్టరీని 2016లో, హోల్డెన్ 2017లో మూసేశారు. కాబట్టి ఇప్పుడు మనం కంపెనీ బండి అనే హైలక్స్, రేంజర్, డి-మాక్స్, ట్రైటన్ వంటివి ఎక్కువగా థాయిలాండ్‌లో తయారై ఓడల మీద వచ్చేవి.

ఇక అసలు సంగతికి వద్దాం. బండి ఎంచుకునే ముందు దేనితో పోరాడుతున్నామో తెలియాలి.

మంచు ఒకటి కాదు

మన భాషలో తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డును కప్పేసేదీ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. మాటగా ఇది చక్కగానే ఉంటుంది గాని స్టీరింగు దగ్గర పనికిరాదు. బండి తోలేవాడికి నాలుగు రకాల మంచు వేర్వేరుగా తెలియాలి. పొగమంచు చూపును తీస్తుంది. తెల్లటి గడ్డమంచు అద్దాన్ని కప్పుతుంది. కురిసే మంచు దారిని పూడుస్తుంది. నాలుగోది అన్నిటికన్నా దొంగ. అది తారు మీద పరుచుకునే పలుచని, రంగు లేని గాజు పొర. దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. కంటికి తడి రోడ్డులాగే కనిపిస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిపోయిన రాత్రులు, తెల్లవారే ముందూ తర్వాతా, చెట్ల నీడపడే మలుపుల్లో, వంతెనల మీద కాచుకుని ఉంటుంది. వంతెనకు పైనా కిందా కూడా చల్లగాలే గనుక అది మామూలు రోడ్డు కంటే ముందుగా గడ్డకడుతుంది.

"ఆస్ట్రేలియాలో చలేమిటండీ" అనేవారికి: 1994 జూన్ 29న స్నోయీ పర్వతాల్లోని షార్లట్ పాస్‌లో సున్నాకు దిగువన 23 డిగ్రీలు నమోదైంది. గైరా ఊరు 1,300 మీటర్లకు పైన ఉంది. అక్కడ కొన్ని ఏళ్ళు మంచు కురుస్తుంది. కాని మన డాక్టరమ్మగారికి కురిసే మంచు ఏడాదిలో కొద్ది రోజుల వేడుక. నాలుగో రకం మంచు మాత్రం నెలల తరబడి ఉండే ప్రమాదం. టొరంటోలో ఉన్న బావమరిది చెప్పే సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. వాళ్ళకు రోడ్డు రోజంతా మంచే, అందరికీ చలికాలం టైర్లే. మన రోడ్డు పది కిలోమీటర్లు పొడిగా ఉండి, పదకొండో కిలోమీటరు మలుపులో గాజవుతుంది.

ఖాళీ యూట్ స్వభావం

మన ఊళ్ళో ఎడ్లబండి తోలినవారికి ఈ రహస్యం చెప్పనక్కర్లేదు. బరువు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడ నొక్కుతుంది. వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. అనుభవమున్న రైతు బస్తాలను ఇరుసు మీదకు వచ్చేలా సర్దుతాడు. యూట్ కూడా అంతే. ఇంజనూ మనుషులూ ముందు ఉంటారు. వెనక ట్రే ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువు తక్కువ. చాలా యూట్‌లు మామూలుగా నడిచేది ఆ వెనక చక్రాలతోనే.

"ఫోర్ వీల్ డ్రైవ్ ఉందిగా" అంటారు. ఇక్కడే మెలిక ఉంది. హైలక్స్, ల్యాండ్‌క్రూయిజర్ 79 వంటి చాలా యూట్‌లలో ఉండేది అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునే పద్ధతి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరాలు తిరగాలి కదా, పొడి తారు మీద ఫోర్ వీల్ వేస్తే ఆ తేడా సర్దుకోక గేర్లు బిగుసుకుంటాయి. అందుకని పొడి రోడ్డు మీద అది వేయకూడదు. మన దారి పది పాళ్ళు పొడి, ఒక పాలు గాజు. ఆ మలుపు వచ్చేదాకా తెలియదు, వచ్చాక మీట నొక్కడానికి వ్యవధి ఉండదు.

కాబట్టి మొదటి ప్రశ్న బండి ఎత్తెంత అన్నది కాదు. తారు మీద కూడా నాలుగు చక్రాలూ నడిపే ఏర్పాటు ఉందా అన్నది. ట్రైటన్‌లో సూపర్ సెలెక్ట్ అనే పద్ధతి ఉన్న రకాలు, 2022 నాటి కొత్త రేంజర్‌లో కొన్ని రకాలు, దాని జోడీ అయిన అమరాక్‌లో కొన్ని రకాలు ఇందుకు పనికొస్తాయి. ఒకే పేరుతో ఉన్న బండిలోనే ఒక రకానికి ఉండి మరో రకానికి ఉండకపోవచ్చు. సేల్స్‌మన్ నోటిమాట నమ్మకుండా హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ చూపించమనండి. తర్వాత బండి అదుపు తప్పబోతే చక్రాలకు విడివిడిగా బ్రేకులు వేసే స్టెబిలిటీ కంట్రోల్ ఉందో లేదో చూడండి. కార్లకు తప్పనిసరి అయిన కొన్నేళ్ళకు గాని యూట్‌లకు అది తప్పనిసరి కాలేదు. పాత బండ్లలో లేకపోవచ్చు.

ఒకటి మాత్రం మరవవద్దు. నాలుగు చక్రాల ఇంజను శక్తి బండిని కదిలిస్తుంది. ఆపేది టైరూ రోడ్డూ మాత్రమే. గాజు మీద ఎంత గొప్ప యూట్ అయినా ఆగడానికి మామూలు కారంత దూరమే తీసుకుంటుంది. ఒక్కోసారి ఎక్కువే, బరువు కనుక.

అలంకారాలకు తూకం

ఆ రథం సంగతి చూద్దాం. ప్రతి బండికీ కంపెనీ ఒక గరిష్ఠ బరువు నిర్ణయిస్తుంది. బండీ, మనుషులూ, సామానూ, డీజిలూ, తగిలించిన ప్రతి వస్తువూ కలిపి దాన్ని మించరాదు. మామూలు నాలుగు తలుపుల యూట్ మీద మనం వేసుకోగల బరువు సుమారు 950 కిలోలనుకుందాం. కాగితం మీద లెక్క వేద్దాం రండి.

ఇనుప బుల్‌బార్ 70. వించ్ 35. కానపీ 80. లోపలి సొరుగులు 80. వెనక ఇనుప బంపర్ 60. పైన ర్యాక్ 30. రెండో బ్యాటరీ 30. మొత్తం 385 కిలోలు. ఇంకా ఎవరూ ఎక్కలేదు! మిగిలింది 565. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, సామాను కలిపి 265 అనుకుంటే మిగిలింది 300. ఆ ఊళ్ళలో చలికాలం ఇంట్లో మండేది కట్టె. యూకలిప్టస్ కట్టె బరువైనది. ట్రే నిండా వేస్తే సులువుగా 500 కిలోలు దాటుతుంది. పోనీ కట్టె వద్దు, రెండున్నర టన్నుల కారవాన్ తగిలిద్దామంటారా? అందులో పదో వంతు, అంటే 250 కిలోలు, యూట్ తోక మీద పడుతుంది. మిగిలింది 50 కిలోలు, అంటే రెండు బియ్యం బస్తాలు!

పరిమితి మించితే బ్రేకు దూరం పెరుగుతుంది. వెనక బరువు ఎక్కువైతే, ఎడ్లబండి కాడి లేచినట్టే, ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. వెనక ఇరుసుకు అవతల అతిగా బరువేసి గతుకుల్లో తోలిన యూట్‌లకు ఛాసిస్ వంగిపోవడం ఇక్కడి గరాజుల్లో తెలిసిన సంగతే. పైగా అధిక బరువుతో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వారు ప్రశ్నలు మొదలుపెడతారు.

అందుచేత వాడిన రథం కొనేముందు ఒక పని చేయండి. దాన్ని పబ్లిక్ వెయ్‌బ్రిడ్జి మీద తూయించండి. ఖర్చు స్వల్పం. అమ్మేవాడు అందుకు ఒప్పుకోకపోతే బేరం అక్కడే వదిలేయండి.

ఎత్తూ, లావూ

ఎత్తు పెంచడం వల్ల లోతైన వాగులూ, రాళ్ళదారులూ దాటవచ్చు, నిజమే. కాని ఆసుపత్రి రోడ్డులో వాగులు లేవు. ఎత్తు పెరిగితే బండి బరువు కేంద్రం కూడా పైకి పోతుంది, మలుపులో ఒరిగే గుణం ఎక్కువవుతుంది. హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాడి కళ్ళలోకి లేస్తుంది. బ్రేకు తానే వేసే కెమెరా, రాడార్లు కంపెనీ అమర్చిన ఎత్తుకు లెక్కవేసినవి. వాటిని మళ్ళీ సరిచూడాలి.

లావు బురద టైర్లు బురదకే. తడి తారు మీదా, గాజు మీదా వాటి పెద్ద దిమ్మలు తక్కువ పట్టునిస్తాయి. చుట్టుకొలత పెరిగితే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపుతుంది. ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. మంచు గొలుసులు వేయాలంటే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు కావాలి. లావు టైరు ఆ సందును తినేస్తుంది. మంచు కోసమని కట్టించిన బండికే మంచు గొలుసులు పట్టవు!

చట్టం సంగతి: కొద్దిపాటి ఎత్తుకూ, కొద్దిపాటి లావుకూ రాష్ట్రాలు అనుమతి ఇస్తాయి. అది మించితే ఇంజనీరు సర్టిఫికెట్ కావాలి. నియమాలు రాష్ట్రానికో తీరు. క్వీన్స్‌లాండ్‌లో చెల్లింది న్యూ సౌత్ వేల్స్‌లో చెల్లకపోవచ్చు. బండికి చేసిన ప్రతి మార్పూ ఇన్సూరెన్సు వారికి రాతపూర్వకంగా తెలిపి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

బుల్‌బార్ మాట వేరు

ఒక్క తగిలింపుకు మాత్రం నేను ఓటు వేస్తాను. జూన్‌లో అయిదింటికే పొద్దు వాలుతుంది. డ్యూటీ దిగే వేళా, కంగారూలు మేతకు దిగే వేళా ఒకటే అవుతాయి. దెబ్బకు రేడియేటర్ పగిలితే బండి అక్కడే ఆగిపోతుంది. సెల్‌ఫోను పలకని చోట, సున్నాకు దిగువన, వెనక సీట్లో పిల్లలతో రాత్రి గడపవలసి వస్తే అది చిన్న విషయం కాదు. బుల్‌బార్ చేసేది ఆ రేడియేటర్‌నూ దీపాలనూ కాపాడి మిమ్మల్ని ఇంటికి చేర్చడం.

అయితే అది ఆ మోడల్ కోసమే తయారై, ఎయిర్‌బ్యాగులతోనూ రాడార్‌తోనూ సరిపడేదని రాసి ఇచ్చినదై ఉండాలి. అల్యూమినియంది అయితే బరువు బాగా తగ్గుతుంది. కంపెనీ వారే అమర్చి ఇచ్చేదైతే వారంటీ గొడవ ఉండదు. బుల్‌బార్ ఉంది కదా అని వేగం పెంచకండి. జంతువు అడ్డం వస్తే స్టీరింగు తిప్పకుండా నేరుగా బ్రేకు వేయండి. తిప్పినవాళ్ళు చెట్లను గుద్దుకుంటారు.

నెత్తిన దీపాల వరుస పొగమంచులో ఎదురుగా తెల్లగోడ కడుతుంది. వించ్ మంచిదే, తగిలించుకోవడానికి చెట్టూ, వాడటం వచ్చిన మనిషీ ఉంటే. మన డాక్టరమ్మగారికి రెండూ అనవసరం.

మధ్యేమార్గం

కట్టించిన బండ్లన్నీ చెడ్డవని నా భావం కాదు. గొర్రెల మందలున్న రైతుకు కంపెనీ తొట్టి కంటే చదునైన అల్యూమినియం ట్రే నూరు రెట్లు మేలు. ఎక్కువ బరువు నిజంగా అవసరమైనవారు స్ప్రింగులు మార్చి గరిష్ఠ బరువును చట్టబద్ధంగా పెంచుకోవచ్చు. కొత్త బండికి రిజిస్ట్రేషను కాకముందే చేయిస్తే కాగితాల పని సులువు. మెల్బోర్న్‌లోని ప్రీమ్‌కార్ సంస్థ నిస్సాన్ వారితో కలిసి నవారా వారియర్ తయారుచేసింది. స్ప్రింగులు, టైర్లు, బుల్‌బార్ అన్నీ కలిపి ఇంజనీర్లు పరీక్షించి, కంపెనీ వారంటీతో ఇచ్చిన బండి అది. తేడా గమనించండి. ఒకచోట పదిమంది కలిసి ఒక బండిని ఆలోచించారు. మరోచోట పది దుకాణాలు విడివిడిగా పది వస్తువులు తగిలించాయి.

అమెరికా నుంచి వచ్చి మెల్బోర్న్‌లో స్టీరింగు కుడివైపుకు మార్చుకునే ర్యామ్ వంటి భారీ ట్రక్కుల గురించి కూడా అడుగుతున్నారు. లాగే బలం అపారం. కాని గల్లీల్లో, ఆసుపత్రి పార్కింగులో మీ ఓర్పుకు పరీక్ష. పన్ను మినహాయింపు వస్తుందని మాత్రం ఏ బండీ కొనకండి. ఆ నియమాలు ఆడిటరు గారికి అర్థమయ్యాక కొనండి.

తీర్పు

డాక్టరమ్మగారు చెప్పిందే సబబు. అయితే ఆయనగారి డబ్బు ఆదా ఆలోచన కూడా పూర్తిగా పోనక్కర్లేదు. నాలుగు తలుపుల కంపెనీ యూట్, తారు మీద నాలుగు చక్రాలూ నడిపే రకం తీసుకోండి. కొత్తది ఖరీదనిపిస్తే రెండు మూడేళ్ళు వాడిన, మార్పులు చేయనిది తీసుకోండి. పిల్లల సీట్ల పట్టీలు వెనక సీటుకు ఎలా బిగుస్తాయో కొనేముందే మీ సీట్లు తీసుకెళ్ళి బిగించి చూడండి. కొన్ని యూట్‌లలో అది తిప్పల వ్యవహారం.

మిగిలిన డబ్బుతో ఇవి చేయండి:

ఒకటి. మంచి టైర్లు. మూడు శిఖరాల కొండ బొమ్మలో మంచుపువ్వు గుర్తు ఉన్న ఆల్-టెర్రెయిన్ రకం, కంపెనీ చెప్పిన సైజులోనే. చలి అయిదారు డిగ్రీలు పెరిగినకొద్దీ గాలి ఒక పాయింటు దిగుతుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి.

రెండు. సైజుకు సరిపడే గొలుసులు. కోజియస్కో నేషనల్ పార్కులో టూ వీల్ డ్రైవ్ బండ్లు జూన్ 1 నుంచి అక్టోబరు 10 దాకా గొలుసులు వెంట ఉంచుకోవాలి. విక్టోరియాలోని హోథమ్, ఫాల్స్ క్రీక్ వంటి చోట్ల మంచు సీజనులో ఫోర్ వీల్ బండ్లకూ తప్పదు. ఎండ ఉన్నరోజు ఇంటి ముందు ఒకసారి వేసి తీసి నేర్చుకోండి. ఏ చక్రాలకు వేయాలో హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది.

మూడు. ఆల్పైన్ డీజిల్. మామూలు డీజిల్ గడ్డకట్టే చలిలో మైనంలా చిక్కబడి ఫిల్టరు మూసుకుపోతుంది. మంచు కొండలకు పోయేటప్పుడు ట్యాంకు సగం ఖాళీగా ఉంచుకుని, జిండబైన్ వంటి కొండకింది ఊళ్ళలో ఆల్పైన్ డీజిల్‌తో నింపండి. బండి కొండ మీద ఆగాక నింపితే లాభం లేదు.

నాలుగు. అలవాట్లు. అద్దం మీది మంచుకు వేడినీళ్ళు పోయకండి, పగులుతుంది. మంచులో రాత్రి నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేకు గడ్డకట్టవచ్చు. గేరులో పెట్టి, చక్రానికి అడ్డు వేయండి. ట్రేలో కొంచెం బరువు ఇరుసు మీదకు వచ్చేలా కట్టి ఉంచండి. కట్టనిది బ్రేకు వేసినప్పుడు ఫిరంగి గుండవుతుంది. దుప్పట్లు, టార్చి, మంచినీళ్ళు, తినడానికి ఏదైనా బండిలో ఉండాలి. బయల్దేరేటప్పుడు ఏ దారిన, ఎన్నింటికి అన్నది ఒకరికి చెప్పండి.

చివరగా డాక్టరమ్మగారికి ఒక మనవి. ఆన్‌కాల్ ఫోను మోగితే మనసు ముందు పరిగెడుతుంది, కాలు దాని వెంట పడుతుంది. అవతల రోగి ఉన్నాడు, నిజమే. కాని ఆ రాత్రి ఆ ఊరికి ఉన్న డాక్టరు మీరొక్కరే. మీరు పది నిమిషాలు ఆలస్యంగా చేరితే వైద్యం అందుతుంది, మలుపులో జారితే ఇద్దరికీ అందదు. ఆసుపత్రి వారితో ముందే మాట్లాడి, గాజు రాత్రుల్లో ఊళ్ళోనే పడుకునే ఏర్పాటు అడగండి. ఎంత మంచి యూట్ అయినా చేయలేని పని ఆ ఒక్క గది చేస్తుంది.

వచ్చే నెల: కారవాన్ తగిలించే ముందు చూసుకోవలసిన బరువులూ, కొక్కేలూ. చలి ఊళ్ళలో ఇప్పటికే రెండు మూడు చలికాలాలు గడిపిన పాఠకులు తమ అనుభవాలు రాస్తే తప్పక ప్రచురిస్తాం. సెలవు.